వాయిదాయా, వేలమా? కృష్ణా దిగువ డెల్టాలో తనఖాల చరిత్ర

బందరు కోర్టు నుండి అమీను బయలుదేరినాడంటే ఆ వార్త ఆయనకంటె ముందుగా ఊరు చేరేది. టముకు వేయువాడు ఊరి నడుమ నిలబడి, ఫలానావారి మాగాణి ఇన్ని యకరములు, నాలుగు దిక్కుల హద్దులు ఇవి, ఫలానా తేదీన కోర్టువారి వేలము అని చాటేవాడు. అరుగులమీద కూర్చున్నవారు మాటలాపి వినేవారు. పేరు వినబడిన ఇంటివారు ఆ పూట వీధితలుపు తీసేవారు కారు. ఆ చాటింపును స్వయముగా విన్నవారు ఈనాడు చాల కొద్దిమంది. అయినా మచిలీపట్నము, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో పాత వ్యవసాయ కుటుంబములను కదిపి చూడండి: "మా తాతగారి నాటి ఆ చెక్క కోర్టు వేలములో పోయినది" అనే మాట ఏదో ఒక సందర్భములో వచ్చి తీరుతుంది.

ఆ మాట వెంట షావుకారును గురించిన మాట కూడ వస్తుంది. "పసుపుకుంకుమల క్రింద ఇచ్చిన పొలమని కూడ చూడలేదు" అని ఒక ఇంట. "ఎనిమిదేండ్లు వడ్డీ ముట్టకపోయినా నోరెత్తలేదు, మహానుభావుడు" అని పక్క ఇంట. తమాషా ఏమంటే ఈ రెండు ఇండ్లకు అప్పిచ్చినవాడు ఒక్కడే అయి ఉండవచ్చును. ఒకే మనిషి ఒకే సంవత్సరములో ఒకరికి వాయిదా ఇచ్చి, మరియొకరి భూమిని వేలమునకు తెచ్చుట ఎందువలన జరిగినది? మనుష్యుల గుణగణములను మేము కాదనము. కాని ఇందులో గుణమునకంటె లెక్కకు పాలు ఎక్కువ. ఆ లెక్క ఎట్లు వేసేవారు, దానిని చట్టము ఎప్పుడు మార్చినది, సముద్రము ఎప్పుడు తారుమారు చేసినది అని విచారించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

ముందుగా పత్రముల సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము తనఖాలను అనేక విధములుగా విభజించినది. మన పల్లెలలో నడచినవి ముఖ్యముగా మూడు. మొదటిది ఒట్టి తనఖా: భూమి రైతు చేతిలోనే ఉంటుంది, పత్రము షావుకారు పెట్టెలో ఉంటుంది. రెండవది భోగ్యపు తనఖా: షావుకారు భూమిని స్వాధీనము చేసుకొని ఫలసాయమును వడ్డీ క్రింద అనుభవిస్తాడు. మూడవది ముద్దతు క్రయము: పైకి చూచుటకు అమ్మకమే, కాని గడువులోగా సొమ్ము తిరిగి ఇస్తే భూమి వెనుకకు వస్తుంది, ఇవ్వకపోతే అమ్మకము ఖాయమవుతుంది. విడిపించుకొనే హక్కును శాశ్వతముగా మూసివేయుట అనే పద్ధతి ఈ మూడవ రకమునకే చెల్లినది. దానికి కూడ కోర్టు డిక్రీ కావలసినదే. ఒట్టి తనఖాపై అప్పిచ్చినవాడు, బాకీ రాలేదు గదా అని నేరుగా పొలములో నాగలి దింపుటకు వీలు లేదు. దావా వేయవలెను, వేలము వేయించవలెను.

ఆ దారి పొడవైనది. బాకీ మొత్తమును బట్టి కోర్టు రుసుము ముందే చెల్లించవలెను. వకీలు ఫీజు సరేసరి. విచారణ ముగిసిన పిమ్మట మొదట ప్రాథమిక డిక్రీ వచ్చేది. సొమ్ము చెల్లించుటకు అందులో సాధారణముగా ఆరు నెలల గడువు ఇచ్చేవారు. అది దాటిన తరువాత తుది డిక్రీ, ఆపైన అమలు దరఖాస్తు, ఆపైన చాటింపు. వేలములో డిక్రీదారు తాను పాడదలచుకొంటే కోర్టు అనుమతి పొందవలెను; అనుమతి దొరికితే తనకు రావలసిన సొమ్మును పాట ధరలో చెల్లు వేసుకోవచ్చును. పాట కొట్టివేసిన తరువాత కూడ ముప్పది దినములు రైతుకు మిగిలి ఉండేవి. ఆ లోపల బాకీని, పాటదారునకు నూటికి అయిదు వంతున నష్టపరిహారమును కోర్టులో కట్టగలిగితే వేలము రద్దయ్యేది. ఆ ముప్పది దినములలో ఆడవారి మెడలోని నగలు ఎన్ని చేతులు మారి ఉంటవో ఏ రికార్డులోను దొరకదు.

ఇంత దూరము నడచుటకంటె షావుకారునకు సులువైన దారి ఒకటి ఉండేది: నోటు తిరగ వ్రాయించుకొనుట. ప్రామిసరీ నోటునకు కాలదోషము మూడేండ్లు. తనఖా బాకీకి పన్నెండేండ్లు. గడువు దగ్గర పడగానే రైతును పిలిపించి, అసలును, పేరుకొన్న వడ్డీని కలిపి క్రొత్త అసలుగా మరియొక పత్రము వ్రాయించేవారు. మా ఇంటి భోషాణములో అటువంటి పత్రము ఒకటి ఉన్నది. దాని వెనుక వైపు చెల్లు వ్రాతలు నాలుగు ఉన్నవి, అయిదవది లేదు. చిన్ననాడు దానిని ఎన్నిసార్లు చూచినా మాకు అర్థము కాలేదు. అర్థమైన నాటికి చెప్పవలసినవారు లేరు.

తిరగ వ్రాయుట వలన ఏమవుతుందో ఒక లెక్క వేసి చూతము. నూటికి ఏడాదికి పన్నెండు వంతున వేయి రూపాయల అప్పు అనుకొందాము. రైతు ఏమియు చెల్లించలేదు. మూడేండ్లకు 1,360 రూపాయలకు పత్రము. ఆరేండ్లకు 1,849. తొమ్మిదేండ్లకు 2,515. పన్నెండేండ్లు నిండేసరికి 3,421. సాధారణ వడ్డీ అయితే 2,440 రూపాయలు కావలసినది. అనగా వాయిదా అన్నది ఎల్లప్పుడు దయ కాదు. ఒక్కొక్కప్పుడు అది మరింత లోతైన గోయి. వేలము వేయని షావుకారును పొగడేముందు ఆయన పత్రమును ఎట్లు తిరగ వ్రాయించినాడో చూడవలసి ఉన్నది.

ఇక షావుకారు మనస్సులోని త్రాసు. ఒక తట్టలో వేలము: భూమికి నేడు పలికే ధర, అందులోనుండి ఖర్చులు, ఆలస్యము, సర్కారు శిస్తు బకాయి తీసివేయగా మిగిలేది. రెండవ తట్టలో వాయిదా: రైతు రాబోయే పంటలలో చెల్లించగలిగేది, అది చెల్లించే అవకాశము ఎంతో అంత. ఈ రెండింటిలో ఏది బరువైతే అటు మొగ్గుట సహజము. కాని వాయిదా తట్టలో రెండు భయములు కూడ ఉంటవి. తగ్గింపు ఇవ్వకపోయినా ఎట్లో తెచ్చి కట్టగల రైతుకు తగ్గింపు ఇస్తే ఆ మేరకు నష్టము. ఎంత తగ్గించినా కట్టలేని రైతుకు గడువు ఇస్తే వేలము ఆలస్యమగుట తప్ప లాభము లేదు. ఈలోగా భూమి ధర ఇంకను పడవచ్చును. ఈ ఇద్దరి నడుమ ఉన్న రైతు, అనగా తగ్గిస్తే కట్టగలిగి, తగ్గించకపోతే కట్టలేనివాడు, వానికి ఒక్కనికే వాయిదా ఇచ్చుట ఇద్దరికి లాభము. వానిని గుర్తించుట ఎట్లు? ఊరిలోనే ఉండే షావుకారునకు ఇది కొంత తెలిసేది. ఎవరి ఎడ్లు బలముగా ఉన్నవి, ఎవరింట ఎదిగిన కొడుకులు ఉన్నారు, ఎవరు కోర్టు వ్యాజ్యములకు అలవాటు పడినారు అన్నది కళ్లాల దగ్గర కనబడేది. ఇదిగాక ఊరు చూస్తుందన్న శంక ఒకటి: ఒకరికి వడ్డీ వదిలితే తెల్లవారేసరికి పదిమంది వాకిట నిలుస్తారు. అందువలన తగ్గింపులు రహస్యముగాను, వేలములు టముకుతోను జరిగేవి.

ఈ త్రాసు ఊరు మారితే మారేది. 1855లో బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువ నీరు ఎక్కడ నిలకడగా పారినదో అక్కడ భూమి విలువ ఎక్కినది. గుడివాడ పరిసరముల మాగాణికి కొనేవాడు ఎప్పుడును ఉండేవాడు. వడ్ల వ్యాపారమునకు గుడివాడ పేరుపొందిన పట్టణము. అటువంటి చోట వేలము నమ్మకమైనది. దివిసీమ సంగతి వేరు. కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రములో కలిసే ఆ ద్వీపమునకు నీరు పులిగడ్డ అక్విడక్టు మీదుగా చేరవలెను. చివరి పొలములకు అందినప్పుడు అందినట్లు. సముద్రము దగ్గర కొలది చవుడు. పైగా అక్కడి గ్రామములు అనేకము చల్లపల్లి జమీందారీలోనివి; 1908 నాటి ఎస్టేటు భూముల చట్టము ప్రకారము జమీందారునకు రావలసిన శిస్తు భూమిపై మొదటి బాధ్యత. తనఖాదారు దాని వెనుక నిలబడవలెను. మచిలీపట్నములో కూర్చున్న షావుకారునకు గుడివాడ యకరము చేతిలోని బంగారము. నాగాయలంక యకరము వరుసలో రెండవవాడుగా నిలబడి పుచ్చుకొనే వస్తువు. ఇందువలన చివరి భూముల రైతులకు వేలము బెడద కొంత తక్కువగాను, తిరగ వ్రాయు బెడద కొంత ఎక్కువగాను ఉండి ఉండునని మా ఊహ. మంచి భూమి తొందరగా పోయేది. చెడ్డ భూమి అప్పుతో కూడ కొడుకులకు వచ్చేది.

ఈ లెక్కలన్నియు ధర నిలకడగా ఉన్నంత కాలమే పనిచేసినవి. 1929లో మొదలైన ప్రపంచ ఆర్థికమాంద్యము నాలుగైదేండ్లలో వడ్ల ధరను దాదాపు సగమునకు దింపివేసినది. దానికి తోడు రంగూను బియ్యము, సయాము, ఇండోచైనా బియ్యము చౌకగా మద్రాసు రేవులలో దిగినవి. 1935లో గాని నూకలపై దిగుమతి సుంకము పడలేదు. నూరు బస్తాల విలువకు అప్పు చేసిన రైతు అసలు తీర్చుటకే రెండువందల బస్తాలు కొలవవలసి వచ్చినది. వడ్డీ రూపాయలలోనే ఉన్నది, శిస్తు రూపాయలలోనే ఉన్నది. పంట ఒక్కటే వడ్లలో ఉన్నది. కృష్ణా గోదావరి జిల్లాలలో శిస్తు పెంపుదలపై రైతులు ఆందోళన చేసినది కూడ ఆ దినములలోనే.

అప్పుడు త్రాసు రెండు తట్టలును ఒక్కసారి తేలిపోయినవి. రైతు కట్టలేడు, భూమి అమ్ముడుపోదు. ఈ స్థితిలో షావుకార్లందరు ఆగితే అందరికి మంచిది. కాని ఆగినవాడు వెనుకబడతాడు. మొదట వేలము వేయించినవానికి ఏదో ఒక ధర, చివరివానికి అదియు లేదు. పది చెక్కలు ఒకేసారి అమ్మకమునకు వస్తే పదింటి ధర పడుతుంది. ధర పడినదని మరి పదిమంది దావాలు వేస్తారు. ఇందులో ఏ ఒక్కరి లెక్కయు తప్పు కాదు. అందరి లెక్కలు కలిసినప్పుడు ఊరు మునుగుతుంది. మరియొక సంగతి మరువరాదు. షావుకారు సొమ్ము అంతయు షావుకారుది కాదు. వితంతువుల దాచుకొన్న సొమ్ము, పింఛనుదార్ల నిలువ, బంధువుల పెండ్లి సొమ్ము ఆయన దగ్గర వడ్డీకి ఉండేవి. వారు అడిగినప్పుడు ఆయన కూడ ఋణస్థుడే. ఆగగలిగినవాడు ధనవంతుడు, ఆగలేనివాడు కఠినుడనిపించుకొన్నాడు.

ఇది మన దేశపు వింత కాదు. అమెరికాలో గోధుమ, మొక్కజొన్న పండించే రాష్ట్రములలో కూడ ఆ సంవత్సరములలోనే తనఖా భూములు వేలమునకు వచ్చినవి. మిన్నెసోటా రాష్ట్రము 1933లో వేలముల గడువును పొడిగించుటకు కోర్టులకు అధికారమిస్తూ చట్టము చేసినది. ఒప్పందమును ప్రభుత్వము భంగపరచవచ్చునా అన్న ప్రశ్న అత్యున్నత న్యాయస్థానము వరకు పోయి, 1934లో అయిదుగురు న్యాయమూర్తులు చట్టము పక్షముగాను, నలుగురు వ్యతిరేకముగాను తీర్పు చెప్పినారు. అక్కడ గడువు పొడిగించినారు, అద్దె వంటి సొమ్ము కట్టించినారు. అసలు బాకీని ముట్టలేదు. మద్రాసు ప్రభుత్వము అంతకంటె చాల దూరము పోయినది.

మద్రాసు రాష్ట్రములో గ్రామీణ ఋణభారము 1930 నాటి బ్యాంకింగు విచారణ సంఘము అంచనా ప్రకారము 150 కోట్ల రూపాయలు. 1935లో సత్యనాథన్ నివేదిక దానిని 204 కోట్లుగా లెక్కించినది. 1936లో ఋణ పరిష్కార చట్టము వచ్చినది; అప్పులవారిని, రైతును ఒక చోట కూర్చోబెట్టి రాజీ కుదుర్చుటకు మండలులు ఏర్పడినవి. రాజీ మంచిదే, కాని ఇష్టము లేనివానిని రాజీకి తెచ్చుట కష్టము. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము ఏర్పడిన పిమ్మట ప్రధానమంత్రి చక్రవర్తి రాజగోపాలాచారిగారు స్వయముగా పూనుకొని శాసనసభలో నడిపిన చట్టము 1938 మార్చి 22న అమలులోనికి వచ్చినది. రైతు ఋణ విముక్తి చట్టమని దానికి వాడుక.

దాని నడక ఇది. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1వ తేదీ నాటికి నిలిచి ఉన్న వడ్డీ అంతయు రద్దు. అసలు మాత్రమే చెల్లించవలెను. అసలు, వడ్డీ పేర్లతో ఇదివరకే అసలుకు రెట్టింపు చెల్లించి ఉంటే బాకీ మొత్తము తీరిపోయినట్లే. 1932 తరువాతి అప్పులకు చట్టము వచ్చిన నాటి వరకు వడ్డీ నూటికి అయిదు మాత్రమే, అదియు సాధారణ వడ్డీ. డిక్రీలు పొంది ఉన్నా సవరించవలసినదే. అన్నిటికంటె పదునైన నిబంధన తిరగ వ్రాసిన పత్రములను గురించినది. ఎన్నిసార్లు తిరగ వ్రాసినా మొట్టమొదట చేతికిచ్చిన సొమ్మును, ఆ తరువాత నిజముగా ఇచ్చిన రొక్కమును మాత్రమే అసలుగా లెక్కించవలెను. మేము పైన వేసిన లెక్కలోని 3,421 రూపాయలు తిరిగి వేయి రూపాయలైనవి. పదునైదేండ్ల నాటి చిరిగిన పత్రములకు అంతవరకు లేని విలువ వచ్చినది. పాత నోటు దొరికిన రైతు బ్రతికినాడు. తిరగ వ్రాసినప్పుడు పాతదానిని చించివేయనిచ్చినవాడు సాక్షుల కొరకు తిరిగినాడు.

ఈ చట్టము అందరిని ఒక గాట కట్టలేదు. ఆదాయపు పన్ను కట్టేవారు, పెద్ద జమీందారులు దీని దృష్టిలో రైతులు కారు. సహకార సంఘముల బాకీలు, భూమి తనఖా బ్యాంకుల బాకీలు దీని పరిధిలోనికి రాలేదు. వేరే ఆస్తి లేని స్త్రీలకు రావలసిన చిన్న మొత్తములను కూడ మినహాయించినారు. వితంతువుల సొమ్మును గురించి మేము పైన అన్నది శాసనసభ్యులకు కూడ తెలిసిన సంగతే. భోగ్యపు తనఖాలు చాలవరకు తప్పించుకొన్నవి. భూమి షావుకారు చేతిలో ఉండి, ఫలసాయమే వడ్డీ అయినప్పుడు తగ్గించుటకు వడ్డీ ఏది అన్న వాదము నెగ్గినది. ఈ లోపమును 1948లో సవరించినారు. మొత్తము మీద ముప్పదియేండ్లు భూమిని అనుభవించిన భోగ్యదారునకు ఇక రావలసినది లేదని నిర్ణయించినారు. పదేండ్లు ఆలస్యమైన న్యాయము. ఆ పదేండ్లలో ముప్పది దాటినవారు ఎందరో.

చట్టము వలన క్రొత్త అప్పు బిగిసిపోయిన మాట నిజము. ఒకసారి చేయి కాలిన షావుకారు తనఖా వ్రాయించుకొనుట మాని, ఏకముగా క్రయపత్రము వ్రాయించుకొని, సొమ్ము ఇచ్చిన నాడు తిరిగి వ్రాస్తానని నోటిమాట ఇచ్చే పద్ధతికి దిగినాడు. మాట నిలుపుకొన్నవారు ఉన్నారు. నిలుపుకొననివారిపై వేయుటకు రైతు చేతిలో పత్రము లేదు. తగ్గింపు చట్టమును తిట్టుటకు ఈ సాకు చాలునని మేము అనుకొనము. కాని దీనిని దాచి ఆ చట్టమును పొగడుట కూడ చరిత్ర కాదు.

ఇంతలో మూడవ దారి ఒకటి నెమ్మదిగా ఏర్పడుచున్నది. మచిలీపట్నములో వైద్యవృత్తి మాని ప్రజాసేవకు దిగిన డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన సంగతి అందరు ఎరుగుదురు. 1927లో గుడివాడ దాపున వడ్లమన్నాడులో భూమి తనఖా బ్యాంకు వెలసినది కూడ ఆయన కృషి వలననే. ఈ సంగతి అంతగా ఎరుగరు. 1929లో మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు ఏర్పడి, ప్రభుత్వ హామీతో ఋణపత్రములు అమ్మి సొమ్ము కూర్చి, ఇటువంటి బ్యాంకులకు అందించినది. ఇవి భూమి విలువలో సగమునకు మించి ఇచ్చేవి కావు. దీర్ఘకాలపు వాయిదాలు, ఏటేట అసలు కొంత, వడ్డీ కొంత. ఎక్కువ భాగము అప్పులు పాత అప్పులు తీర్చుటకే ఇచ్చినారు. సొమ్ము రైతు చేతికి గాక షావుకారు చేతికే పోయేది, పాత పత్రము బ్యాంకు చేతికి వచ్చేది. ఇక్కడ షావుకారు త్రాసు మరల మారినది. కోర్టులో మూడేండ్ల తరువాత వచ్చే మూడువేలకంటె నేడు బల్లమీద లెక్కపెట్టే రెండువేలు బరువు. వేలము తప్పుటకు మనస్సు కరుగవలసిన పని లేదు. రొక్కము కనబడితే చాలును. అయితే ఈ బ్యాంకులు కూడ ధర్మసత్రములు కావు. 1934 నాటి చట్టము వీటికి కోర్టుకు పోకుండనే తనఖా భూమిని అమ్మించుకొనే అధికారమిచ్చినది. తక్కువ వడ్డీకి రైతు చెల్లించిన మూల్యము అదే.

తరువాతి మలుపు యుద్ధము. 1942లో బర్మా జపానువారి వశమై రంగూను బియ్యము ఆగిపోయినది. వడ్ల ధరలు ఎక్కినవి. 1935లో వాయిదా దొరికి భూమి నిలుపుకొన్న రైతు 1944లో బాకీ తీర్చి పత్రము చించి కాలువలో వేసినాడు. ఆ 1935లోనే వేలములో పోగొట్టుకొన్నవాడు అదే పొలములో కౌలుదారుగా ఆ ధరలను చూచినాడు. ఇద్దరి నడుమ తేడా నైపుణ్యములో లేదు, కష్టములో లేదు. తొమ్మిదేండ్ల గడువులో ఉన్నది. 1946లో బి. వి. నారాయణస్వామి నాయుడుగారు ప్రభుత్వమునకు సమర్పించిన నివేదిక 1939 మొదలు 1945 వరకు రాష్ట్రములో గ్రామీణ ఋణము సుమారు అయిదవ వంతు తగ్గినదని తేల్చినది. అందులోనే మరియొక మాట ఉన్నది: పెద్ద రైతుల అప్పు తగ్గినది, వ్యవసాయ కూలీల అప్పు పెరిగినది. ధర పెరిగినప్పుడు అమ్ముటకు వడ్లు ఉన్నవానికే ఆ ధర.

ఇక దివిసీమకు వత్తము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము మచిలీపట్నముపై పడి సుమారు ముప్పదివేలమంది ప్రాణములు తీసినది. నూట పదమూడేండ్ల తరువాత, 1977 నవంబరు 19న, ఉప్పెన దివిసీమను ముంచినది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు దేశమంతట తెలిసినది ఆనాడే. దాదాపు పదివేలమంది మరణించినారని లెక్క. తుపాను హెచ్చరికలు చదువుట మా వృత్తిలో ఒక భాగము. ఆ తేదీ గుర్తు లేకుండ వాటిని చదువుట మాకు ఈనాటికి సాధ్యము కాలేదు.

నీరు తీసిన తరువాత పొలములలో మిగిలినది ఉప్పు. పైరు లేదు, ఎడ్లు లేవు, కొన్ని ఇండ్లలో పత్రముపై వ్రాలు చేసిన మనిషి లేడు. ఇటువంటి నాడు వేలము తట్టలో ఏమియు లేదు: ఉప్పు పట్టిన చేనును కొనేవాడెవడు? ఆ ఏడాదికి వాయిదా తట్టలో కూడ ఏమియు లేదు. షావుకారు త్రాసు పనికిరాని సమయమిది. దీనిని ముందే ఊహించి చేసిన ఏర్పాటు ఒకటి ఉన్నది. 1954 నాటి అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలన సూచనలపై రిజర్వు బ్యాంకు 1956లో వ్యవసాయ పరపతి స్థిరీకరణ నిధిని నెలకొల్పినది. కరువు వలనగాని, తుపాను వలనగాని పంట అణావారీ ఎనిమిదణాలకు, అనగా సగమునకు, లోపు అని ప్రభుత్వము ప్రకటిస్తే, ఆ ఏడు తీర్చవలసిన పంట అప్పును సహకార సంఘము కొన్ని సంవత్సరముల అప్పుగా మార్చవచ్చును. అందుకు కావలసిన సొమ్ము ఈ నిధి నుండి వచ్చును. రైతు బాకీదారుడనిపించుకొనడు, మరుసటి పంటకు అప్పు అందుతుంది. 1930 దశాబ్దములో ఒక్కొక్క షావుకారు ఒంటరిగా తేల్చుకొనలేని దానిని ఇక్కడ ఒక నిబంధన తేల్చినది. రైతు గుణము, షావుకారు గుణము రెండును ప్రశ్నలోనికి రావు. అణావారీ ఒక్కటే ప్రశ్న. తరువాతి కాలములో ఈ కొలతలు మారినవి. 2018 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశములలో పంట నష్టము మూడవ వంతు ఉన్నా చాలునన్నారు. సగమునకు మించితే అయిదేండ్ల వరకు గడువు అన్నారు.

అయితే అణావారీ కాగితముమీద వ్రాయబడని రైతు ఉన్నాడు. భూమి తన పేర లేని కౌలుదారు బ్యాంకు అప్పు పొందలేదు గనుక, మార్చుటకు అప్పే లేదు. ఆయన బాకీ ఎరువుల కొట్టులో ఉన్నది, మిల్లులో ఉన్నది. ఉప్పెన వచ్చిన 1977లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చిన్న రైతులకు, కూలీలకు, చేతిపనులవారికి ప్రైవేటు అప్పుల నుండి విముక్తి కలిగిస్తూ ఒక చట్టము చేసినది. దానికిని 1938లో వచ్చిన చిక్కే వచ్చినది: నోటిమాట మీద పుట్టిన అప్పును కాగితము మీది చట్టము పట్టుకొనలేదు.

ఊరి షావుకారును మేము ఇంతసేపు కఠినముగానే పరీక్షించినాము. ఆయనకు అనుకూలముగా ఒక మాట చెప్పవలసి ఉన్నది. 2008 ప్రాంతమున అమెరికాలో ఇండ్ల తనఖాలు లక్షల సంఖ్యలో కూలినప్పుడు అక్కడ వాయిదాలు చాల కొద్దిమందికే దొరికినవి. ఒక్కొక్క అప్పును ముక్కలు చేసి ఎవరెవరికో అమ్మివేసినారు. వసూలు చేసే కంపెనీ ఒకటి, సొమ్ము గలవారు వేరొకరు. ఎవరితో మాటాడవలెనో ఇంటివానికి తెలియదు. 2009లో కొందరు అక్కడి ఆర్థికవేత్తలు పరిశోధించి, ముక్కలు చేయని అప్పులకు కూడ తగ్గింపులు అంతే అరుదని కనుగొన్నారు. కారణములు మేము పైన చెప్పినవే: తగ్గించకపోయినా కట్టేవారు కొందరు, తగ్గించినా కట్టలేనివారు కొందరు, నడిమివానిని పోల్చుకొనుట ఎట్లు? కళ్లాల దగ్గర నిలబడి ఎడ్లను చూచే కన్ను ఆ కంపెనీలకు లేదు.

మన వైపు కూడ ఆ కన్ను తగ్గినది. మచిలీపట్నములో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినది. 2002లో వచ్చిన చట్టము ప్రకారము బ్యాంకులు తనఖా ఆస్తిని కోర్టుకు పోకుండ అరువది దినముల నోటీసుతో స్వాధీనపరచుకొనవచ్చును. వ్యవసాయ భూమిని దాని నుండి మినహాయించినారు. అందువలన గుడివాడలో ఒకే కుటుంబము ఒకే బ్యాంకులో పొలమును, ఇంటిని తనఖా పెడితే, బాకీ పడిన నాడు పొలమునకు ఒక దారి, ఇంటికి ఒక దారి. ఇంటి తలుపుమీద నోటీసు అంటిస్తారు. టముకునకు బదులు రెండు పత్రికలలో, అందులో ఒకటి తెలుగు పత్రిక, ప్రకటన వేస్తారు. అరుగులు లేవు గనుక ఇరుగుపొరుగులు దానిని పత్రికలోనే చదువుతారు. వేలము ముగిసిన పిమ్మట కూడ ముప్పది దినములు చూచే ఆ పాత నిబంధన ఈ దారిలో లేదు. 2016లో చేసిన సవరణ ప్రకారము సొమ్ము కట్టి ఆస్తిని విడిపించుకొనే హక్కు వేలము ప్రకటన పత్రికలో వెలువడుటకు ముందు దినము వరకే. 2023లో సుప్రీముకోర్టు ఆ అర్థమునే స్థిరపరచినది.